చిట్టిబాబు రద్దు చేయించిన పెనాల్టీ

జనక్‌పురిలో ఆదివారం పొద్దున్న చిట్టిబాబు గారు టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే, ఆ పూట తెలుగువాళ్ల ఇళ్లకి కూరగాయలు వేళకి చేరవని అర్థం. సంచీలు పట్టుకుని బయల్దేరిన మగాళ్లంతా అక్కడే ఆగిపోతారు. ఆయనది అమలాపురం. ఢిల్లీ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా 'ఆయ్' అనడం మానలేదు, కోతలు కోయడం అంతకన్నా మానలేదు. విమానాశ్రయంలో పనిచేసి రిటైరయ్యాడన్నది నిజం. ఏం పనిచేశాడన్నది మాత్రం ఆ రోజు చెప్పే కథను బట్టి మారుతుంటుంది.

ఆ ఆదివారం భానుశ్రీ కూడా అక్కడే కూర్చుంది. ఆమెకి కథ వినే ఓపిక లేదు, గదిలో ఒక్కతే కూర్చోలేక వచ్చింది. ఒంగోలు పిల్ల. ఊరవతల ఓ చిన్న విమానాశ్రయం టవర్‌లో విమానాలకి దారి చెప్పే ఉద్యోగం. రేపు యాజమాన్యం ముందు కూర్చుని, టవర్‌లో అందరి తరఫునా జీతం రేటు పెంచమనీ, షిఫ్ట్ పెనాల్టీ ఇవ్వమనీ అడగాల్సింది తనే.

కిందటిసారి అడిగినప్పుడు పెద్ద అధికారి కళ్లజోడు తీసి, "పెనాల్టీ ఏమిటమ్మా, మేమేం నేరం చేశామని?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. భానుశ్రీకి నోరు పెగల్లేదు. విచిత్రమేమిటంటే, మైకు ముందు ఆ పిల్ల గొంతు ఎప్పుడూ వణకదు. అక్కడ ఏ సందర్భానికి ఏ మాట అనాలో ముందే నిర్ణయించి ఉంటుంది. తన కోసం తాను అడగడానికి మాత్రం ఎవరూ మాటలు రాసిపెట్టలేదు. రేపు కూడా నోరు పెగలకపోతే ఇంకో ఏడాది పాటు సెలవు రోజున డ్యూటీకి రమ్మని ఫోన్ మోగినప్పుడల్లా అందరూ పరిగెత్తాల్సిందే. ఆ భయంతో చేతిలో టీ చల్లారిపోతున్నా చూసుకోలేదు.

పక్కనున్న మల్లేశం చూశాడు. ఆయన కరీంనగర్ మనిషి, బ్యాంకులో ఆఫీసరు.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

"రేపు మీటింగ్ అంకుల్. షిఫ్ట్ పెనాల్టీ గురించి మాట్లాడాలి."

ఆ మాట అటు చివర కూర్చున్న చిట్టిబాబు చెవిన పడింది. అంతే, గ్లాసు కింద పెట్టేశాడు.

"పెనాల్టీయా? దాని పీక నేనెప్పుడో నొక్కేశానమ్మా! ఆయ్! ఈ సంగతి నీకెవరూ చెప్పలేదా?"

"మాకు చెప్పు అన్నా," అన్నాడు మల్లేశం, సంచీ మడిచి ఒళ్లో పెట్టుకుంటూ.

"అప్పట్లో నేను టవర్‌లోకి టీలు పట్టుకెళ్లి... అబ్బే, టీలు కాదండి, టవర్‌లో ముఖ్యమైన డ్యూటీలో ఉన్నాను. ఓ జనవరి పొద్దున్న, పొగమంచండి. మంచంటే ఇప్పటి మంచు కాదు, అప్పటి మంచు. చెయ్యి చాపితే, తిరిగొచ్చేదాకా అది మన చెయ్యో పక్కవాడిదో తెలిసేది కాదు. ఆ మంచులో కంట్రోలర్ గారికి కడుపులో తిప్పింది. బయటికి పరిగెడుతూ, 'చిట్టిబాబూ, ఒక్క నిమిషం మైకు చూస్తూ ఉండు' అన్నాడు. నేను చూస్తూనే ఉన్నానండి. అంతలో అందులోంచి ఓ పైలట్టు, 'దిగమంటారా?' అన్నాడు. 'కాస్త ఆగు బాబూ' అన్నాను. ఒక్క మాటండి. ఆగేడు."

"గాలిల విమానం ఎట్ల ఆగుతదే?"

"ఆగడమంటే తిరగడమండి! గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంటది. కావాలంటే అమ్మాయిని అడగండి."

భానుశ్రీ తలూపింది. మంచు పడితే అలా తిప్పడం మామూలే. ఇంతవరకు ఆయన చెప్పింది జరిగే పనే కాబట్టి, ఇక మీదట జరగనివి వస్తాయని ఆమెకి అర్థమైంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వెనకాల ఇంకోటొచ్చింది, దాన్నీ ఆగమన్నాను. దాని వెనకాల పదొచ్చాయి, వాటినీ ఆగమన్నాను. కంట్రోలర్ గారా, తిరిగి రాడే! మధ్యాహ్నానికి ఢిల్లీ నెత్తి మీద నాలుగొందల విమానాలండి, ఒకదాని మీద ఒకటి, అట్ల దొంతర్లా. కింద ఎండ పడటం మానేసింది. అక్కడ యమున అవతల వైశాలిలో ఆడవాళ్లు వడియాలు ఎండటం లేదని గొల్లుమన్నారు."

"మంచుల ఎండెక్కడిదన్నా?"

"అదేనండి, అందరూ మంచు వల్లే అనుకున్నారు. నా వల్లని ఎవరికీ తెలీదు! సరే, పైన జనానికి ఊసుపోవద్దూ? ఓ విమానంలో పెళ్లిచూపులైపోయాయి. పిల్లకి పిల్లాడు నచ్చేడు. పురోహితుడేమో పక్క విమానంలో ఉన్నాడు. నేను మైకులో చెప్పి రెండూ రెక్కా రెక్కా ఆనించి పెట్టించాను, ఆయన కిటికీలోంచి అక్షింతలేశాడు. కిందకి దిగేసరికి బారసాల కూడా అయిపోయిందండి."

"పొద్దుగాల పెండ్లి, పొద్దుమూకే సరికి బారసాలనా?"

"మరి విమానం స్పీడంటే ఏటనుకున్నారు!"

బల్ల మీదున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. భానుశ్రీకి కూడా నవ్వాగలేదు. చిట్టిబాబుకి నవ్వొచ్చిన మొహం కనిపిస్తే ఇక పగ్గాలుండవు.

"ఇహ పెట్రోలైపోతోందని పైలట్లు బతిమాలుతుంటే నాకు జాలేసి, అందరికన్నా ముందొచ్చిన విమానాన్ని ధౌలా కువాన్ ఫ్లైఓవర్ మీద దింపేశానండి. దిగింది. ముందు రెడ్ లైట్ పడింది. బుద్ధిగా ఆగింది. వెనకాల ఆటోవాడు ఒకటే హారన్!"

పాలు పొంగకుండా చూసుకుంటున్న టీ కొట్టు రామ్‌అవతార్‌కి ఇన్నేళ్లలో తెలుగు బాగానే ఒంటబట్టింది. తలెత్తకుండానే, "చాలాన్ కటా క్యా, సాబ్?" అన్నాడు.

"కటా భయ్యా, కటా! రెక్కలు పక్క లేన్‌లోకి వెళ్లాయని ట్రాఫిక్ పోలీసు జరిమానా రాశాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ విమానంలోంచి దిగిందెవరనుకున్నారు? దేశంలో ఉన్న విమానాశ్రయాలన్నిటికీ పైఅధికారండి! ఆయన ధౌలా కువాన్ నుంచి నడుచుకుంటూ వచ్చి, టవర్ మెట్లెక్కి, నా రెండు చేతులూ పట్టుకుని, 'చిట్టిబాబూ, ఒక్క ప్రాణం పోకుండా కాపాడావు, ఏం కావాలో కోరుకో' అన్నాడు. బంగళా అడగొచ్చు. కారడగొచ్చు. అడిగేనా? లేదండి. నాకు ఆ టవర్‌లో పిల్లలు కళ్ల ముందు మెదిలేరు. ఇంటి దగ్గర పండగ, వీళ్లు మైకుల ముందు. చెల్లెలి పెళ్లి, వీళ్లు మైకుల ముందు. తెల్లారగట్ల టీ ఇస్తే కళ్లు మూతలు పడుతున్నా మూసుకోలేక, గ్లాసు కళ్లకి ఆనించుకునేవాళ్లండి."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోత లేదు. భానుశ్రీ నవ్వడం మానేసి ఆయన వైపు చూసింది. వేడి గ్లాసు కళ్లకి ఆనించుకోవడం చూసినవాడికి తప్ప తెలీదు. ఈయన ఏ పనిచేసినా, ఆ మెట్లు మాత్రం నిజంగా ఎక్కాడు.

"అందుకని గట్టిగా చెప్పేనండి. 'అయ్యా, అసలే నిద్రల్లేని పిల్లలు. వీళ్లని రాత్రి షిఫ్ట్ పెనాల్టీ, పండగ షిఫ్ట్ పెనాల్టీ అంటూ పీక్కుతింటున్నారు. ఆ పెనాల్టీలన్నీ ఈ క్షణం రద్దు చెయ్యాలి!' ఆయన అక్కడికక్కడే పెన్ను తీసి సంతకం గీకేశాడు. ఆ రోజు మొదలు ఈ రోజు వరకూ, ఏ టవర్‌లోనైనా, ఏ ఒక్కడికైనా, షిఫ్ట్ పెనాల్టీ పడిందేమో కనుక్కోండి! ఆయ్!"

చప్పట్లు కొట్టేశారు. చిట్టిబాబు కండువా సర్దుకుని భానుశ్రీ వైపు తిరిగాడు.

"చెప్పమ్మా, నువ్వు టవర్‌లోనే ఉన్నావు కదా. పడిందా?"

"పడలేదంకుల్," అంది భానుశ్రీ. "మా టవర్‌లో ఎవరి ఖాతాలోనూ ఒక్క రూపాయి పడలేదు. ఎందుకు పడలేదా అని ఇన్నాళ్లూ కొట్టుకుంటున్నాం. అయితే అది మీ పనా?"

చప్పట్లు ఆగిపోయాయి.

"ఖాతాలో పడటమేటమ్మా?"

"షిఫ్ట్ పెనాల్టీ మేం కట్టే జరిమానా కాదంకుల్, మాకు కట్టేది! వేళ కాని వేళ డ్యూటీ వేసినా, చెప్పాపెట్టకుండా షిఫ్ట్ మార్చినా, మామూలు రేటు మీద అదనంగా ఇవ్వాల్సిన డబ్బు. నాలుగొందల విమానాలు ఆపి మరీ మీరు రద్దు చేయించింది మా డబ్బే!"

ఆ దెబ్బకి రామ్‌అవతార్ గరిటె వదిలేసి నవ్వాడు. పాలు పొంగిపోయాయి. చిట్టిబాబు నోరు తెరిచాడు గానీ, ఆయన జీవితంలో బహుశా మొదటిసారి, అందులోంచి ఏమీ రాలేదు.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ మల్లేశం, "ఆగు బిడ్డా, నాకు సమజ్ కాలే. నేరం చేసినోళ్లు గదా పెనాల్టీ కట్టేది? కంపెనోళ్లు ఏం నేరం చేసిన్రని కట్టాలె?" అన్నాడు.

అదే ప్రశ్న. భానుశ్రీకి భయపడే వ్యవధి కూడా లేకపోయింది, నవ్వులో నవ్వుగా నోరు దానంతటదే కదిలింది.

"నేరమేం కాదంకుల్. ఇప్పుడు నాకు సెలవుందనుకోండి. ఫోన్ చేసి రాత్రికి రమ్మంటారు. ఆ ఫోన్ చేసినవాళ్లకి పైసా ఖర్చు లేదు, నిద్ర చెడేది నాకు. ఖర్చు లేని పని ఎవరైనా రోజూ చేస్తారు. అదే, ఫోన్ చేసినప్పుడల్లా చేతి చమురు వదులుతుందనుకోండి, చేసేముందు ఒకసారి ఆలోచిస్తారు. రెండోసారి ఆలోచించి, ఇంకో మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటారు. అప్పుడు మాకు నిద్ర ఉంటుంది, మైకు ముందున్నవాళ్లకి నిద్రుంటే పైనున్నవాళ్లకి భద్రం. నిజం చెప్పాలంటే మాకు ఆ పెనాల్టీ డబ్బు మీద మోజు లేదు. దాన్ని కట్టాల్సిన అవసరం వాళ్లకి రాకపోతేనే మాకు సంతోషం."

మల్లేశం నెమ్మదిగా తలూపి, "గిదే చెప్పు బిడ్డా రేపు. గిట్లనే చెప్పు. మా బ్యాంకుల కూడా గిది అడగాలె," అన్నాడు. అప్పుడు తెలిసింది భానుశ్రీకి, తనేం చేసిందో. కిందటిసారి రాని జవాబు మొత్తం, ఓ తడబాటు లేకుండా, ఇంతమంది ముందు చెప్పేసింది.

చిట్టిబాబు మాత్రం ఆఖరి మాట పట్టుకుని ప్రాణం తెచ్చుకున్నాడు.

"విన్నారా? విన్నారా అండి? పెనాల్టీ కట్టాల్సిన అవసరమే రాకూడదంది! నేను చెప్పిందీ అదే! ఈ పిల్ల నోటితో చెప్పించాలనే కాస్త అటూ ఇటూగా చెప్పేను. అమ్మాయ్, రేపు నేనూ వస్తాను. నువ్వు పక్కన కూర్చో చాలు, ఆ అధికారి సంగతి నాకొదిలెయ్!"

భానుశ్రీ లేచి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, ఆయనకి రెండు చేతులూ జోడించింది.

"మీరు మాత్రం రావద్దంకుల్. ఈసారి జీతం కూడా రద్దు చేయించేస్తారు!"