రాయపర్తి దాటని బండి

1979 చలికాలం. వరంగల్ స్టేషన్ రోడ్డులోని తన షెడ్డులో మెకానిక్ రాజమల్లు నేల మీద కూర్చుని, అక్క మొగుడు సారంగపాణి పాత మోటార్ సైకిల్ కార్బొరేటర్లు విప్పుతున్నాడు.

"...మళ్ల రాయపర్తి కాడనేనా బావా?"

"మళ్ల గాడనే. రెండు దగ్గులు దగ్గి పండుకున్నది. నీ చేతి మహిమ గంత గొప్పగున్నది మరి."

"వాపస్ ఎట్ల వచ్చినవ్?"

"ఎట్లొస్త? మిరపకాయల లారీల ఏసుకొని వచ్చిన. బస్తాల నడుమ బండి, బస్తాల మీద నేను. వరంగల్ దాక తుమ్ముకుంటనే వచ్చిన. నవ్వకు రా!"

"నవ్వుత లేను బావా. పెట్రోల్ వాసనకు నా మొఖం గట్లయితది."

"మూడుసార్లు! నీ అక్కను, పిలగాన్ని తోల్కరావాల్నని మూడుసార్లు మరిపెడల మీ ఇంటికి బయలెల్లిన. మూడుసార్లు రాయపర్తిల ఛాయ్ తాగి మర్లి వచ్చిన. ఆ ఛాయ్ హోటలాయన ఇప్పుడు నన్ను చూడంగనే బండికి నీడ చూపెడుతాండు."

"మంచోడే పాపం."

"వరంగల్ మొత్తంల రెండు కార్బొరేటర్ల బండి బాగు చేసెటోడు మా బామ్మర్ది ఒక్కడే అని దోస్తులందరికి చెప్పుకున్న. ఇజ్జత్ తీసినవ్. పోయినసారి ఇంజన్ కాడ చెవి పెట్టి విన్నవ్, దవాఖానల డాక్టర్ లెక్క. ఏం విన్నవ్ రా గంతసేపు?"

"తెల్లదొరల నాటి బండి బావా. కార్బొరేటర్లు రెండు ఒక్క తీరుగ గాలి గుంజాలె. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ గుంజితే నడువది. దాని సప్పుడు వినే స్క్రూ తిప్పాలె."

"మొగడు పెండ్లాం తీరు అను."

"గట్లనే. కాకపోతే ఈడ ఒకటి కూసునుడు, ఇంకోటి నెట్టుడు ఉండది."

"...ఏందన్నవ్?"

"ఏం లే. ఆ కిరోసిన్ డబ్బా జర ఇటు జరుపు."

"లేదు, ఏదో అన్నవ్. నెట్టుడేంది?"

"వర్ధన్నపేట కాడ ఎత్తు గడ్డ ఎక్కుడు బావా. ఏడో నెల కడుపుతోని అక్కను మా ఇంటికి తోల్కపోయినవ్ సూడు, ఆ దినం."

"అబ్బో, గది నీ దాక వచ్చిందా? విమల చెప్పిందా?"

"అక్క నోరు తెరుస్తదా? మీ ఎనుకనే బస్సు వచ్చింది. బస్సు నిండ మా మరిపెడోళ్లే. మా అవ్వకు వచ్చి ఏం చెప్పిండ్రో ఎరుకేనా? 'మీ అల్లుడు గుర్రం మీద రాజు లెక్క కూసున్నడు, మీ బిడ్డ కడుపేసుకొని ఎనుకకెల్లి నెడుతాంది' అని."

"హ్యాండిల్ ఎవలన్న పట్టాలె కదరా!"

"పట్టాలె. కూసోని పట్టాల్నా?"

"గేర్ల ఏసి నెడితేనే బండి అందుకుంటది. కూసోకుంటే గేర్ ఎట్ల ఏస్త? మెకానిక్‌వు, నీకు నేను చెప్పాల్నా? అయినా నాలుగడుగులే నెట్టింది."

"గడ్డ మొత్తం నాలుగడుగులేనా? అక్క కాళ్లు గంత పొడుగని నాకు తెల్వకపాయె."

"తెల్ల ధోతి కట్టుకున్న ఆ దినం. అత్తగారింటికి మసితోని పోతే బాగుంటదా?"

"బాగుండది. మసి అక్క చీరకైతేనే బాగుంటది."

"ఇగో, బామ్మర్దివని ఊకుంటాన. నోటితోని కాదు, చేతితోని పని చెయ్. ఎల్లుండితోని పిలగానికి ఐదో నెల పోతది. సరి నెలల తోల్కపోవద్దంటది మీ అవ్వ. ఇప్పుడు తేకపోతే మళ్ల ఏడో నెల పడేదాక ఆగాలె. పురుడు నాడు మా చిన్నాయన జీపుల పోయి చూసిందే. నా కొడుకు మొఖం మళ్ల చూడలే రా నేను. నవ్వుతాండట. నన్ను చూసి ఎవడో అనుకుంటడు."

"బస్సు పోతది కద బావా. దినమంత బస్సులు పోతనే ఉంటయి. హనుమకొండల ఎక్కితే కూసోనికి సీటు గూడ దొరుకుతది."

"బస్సా? పది మగ్గాలున్నోన్ని, ఇంటికి పెద్దల్లున్ని, కోళ్ల గంపల నడుమ నిలవడి పోవాల్నా? బస్సు దిగంగనే మొదలువెడ్తరు, 'సారంగపాణి బండి అమ్ముకున్నడట' అని. బండి మీదనే పోత. బండి మీదనే తోల్కస్త."

"పిలగాన్ని ఒళ్లె పట్టుకొని అక్క ఎనుక కూసోవాలె."

"కూసుంటది. ఊరంత చూస్తది."

"నడిమిట్ల ఆగితే?"

"ఆగితే... ఆగదు."

"ఆగితే పిలగాన్ని ఎవలు పట్టుకోవాలె, బండిని ఎవలు నెట్టాలె? చెప్పు బావా."

"ఆగకుంట చేసుడే కదరా నీ పని! నన్నడుగుతవేంది? ఆడరాక మద్దెల ఓడన్నట్టు ఏదో ఒకటి మాట్లాడుతవ్. ముందు గది విప్పు. ఏమైందో చెప్పు."

"విప్పిన. దూది బావా. జెట్ అంటే సూది బెజ్జమంత ఉంటది, పెట్రోల్ పోయే తొవ్వ. అండ్ల దూది ఇరికింది. నువ్వు బండి తీస్కపోయి మగ్గాల షెడ్ల పెడుతవ్, అది ఎగిరి ఎగిరి..."

"పోయినసారి గూడ గిదే అన్నవ్."

"పోయినసారి గూడ గిదే ఇరికింది."

"అందుకనే ఈసారి షెడ్ల పెట్టలే. హనుమకొండల మా దోస్తు వకీలింట్ల పెట్టిన. ఆడ మగ్గం లేదు, దూది లేదు. ఆయన నెత్తి మీద ఎంటికె గూడ లేదు. మరి దూది ఏడికెల్లి వచ్చింది రా?"

"...పాతది ఏడన్న మిగిలిందేమో."

"కడిగింది నువ్వే కదా? ఊదింది నువ్వే కదా? ఆ గుప్పిట్ల ఏం పెట్టుకున్నవ్?"

"మసి బట్ట."

"ఇటు తే."

"చేతులు ఖరాబైతయి బావా, తెల్లంగి ఏసుకున్నవ్..."

"తే అన్న! ...గిదేంది? రాజమల్లు, ఇటు సూడు. నేను పుట్టినకాడికెల్లి దూదిల పొర్లినోన్ని. మగ్గం కాడ రాలే దూది పొట్టు లెక్క ఉంటది. గిది పేనింది. చేతితోని, సన్నగ, మెలి వదలకుంట పేనింది. దీపం వత్తి రా గిది!"

"జర నిమ్మలం బావా, కిరోసిన్ ఒలుకుతది."

"మాట మార్చకు! నువ్వే పెట్టినవా?"

"పెట్టిన."

"మూడుసార్లు?"

"మూడుసార్లు. ముందుగాల బాగనే పోతది. పోంగ పోంగ జారి జెట్‌కు అడ్డం పడ్తది."

"థూ! ఇంటల్లున్ని పట్టుకొని మిరపకాయల లారీ ఎక్కిస్తవా? బండి మీద రావద్దని నా మొఖం మీదనే చెప్పరాదా?"

"మా ఇంట్ల అల్లునికి వద్దని చెప్పే నోరు ఎవలికున్నది బావా? మా బాపు నీ ఎదురుంగ మంచం మీద గూడ కూసోడు."

"ఉండు, నీ సంగతి చెప్త. మీ అక్కకే చెప్త. నీ తమ్ముడు వత్తులు పేనుకుంట కూసోని, నీ మొగన్ని, నీ కొడుకును కలువకుంట చేసిండు అని చెప్త. ఆమెనే నీ చెంపలు పగులగొడ్తది."

"నాకు వత్తులు పేనుడు ఏడ వస్తది బావా? అక్కనే పేని పంపుతాంది. నువ్వు బస్సుల వచ్చేదాక పేనుతనే ఉంటనన్నది."