కండక్టర్‌గారి సొంత సర్వర్

"నన్ను దింపేశారయ్యా! ముప్పై ఏళ్లు బస్సులో కండక్టర్‌గా చేసి ఎంతమందిని దింపానో నాకే గుర్తులేదు, అలాంటి నన్ను ఆ పెద్ద సోషల్ మీడియా కంపెనీవాళ్లు ఒక్క మెసేజ్‌తో దింపేశారు. నా పోస్టులు వాళ్ల రూల్సుకి విరుద్ధమట!"

రిటైరైన కండక్టర్ టీ కొట్టు బల్లమీద సర్దుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. రోజూ ఇక్కడ రెండు గంటలు మాట్లాడితే తప్ప ఆయనకు అన్నం సహించదు. మెకానిక్, టైలరు, నేనూ వింటున్నాం. టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతోంది.

"రిపోర్ట్ కొట్టిందెవరో తెలుసా? నా సొంత తమ్ముడు! వాడి కొత్తింటి ఫొటో కింద నాలుగు మాటలు రాశాను, అంతే."

"ఏం రాశారు?" అన్నాడు టైలరు.

"నిజం రాశాను. మనిషికి ఆ మాత్రం స్వేచ్ఛ లేదా? సర్లే, ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? పాత కంప్యూటరొకటి కొని, వంటింటి గట్టుమీద పెట్టి, జనం చేరి పోస్టులు రాసుకునే సొంత సర్వర్ మొదలెట్టాను. ఎవరి సర్వర్ వాళ్లింట్లో ఉంటుంది, అన్నీ ఒకదానితో ఒకటి కలిసుంటాయి, పైన పెత్తనం చేసేవాడే ఉండడు. దాన్ని బిగించడానికొచ్చిన కుర్రాడు 'కొత్తవాళ్లొస్తే మీరేం చెయ్యాలంటే' అని మొదలెట్టాడు. జనాన్ని ఎక్కించడం నాకు నేర్పుతావా, పోవయ్యా అన్నాను. మొదటిరోజే పదిమంది!"

"పదిమందేనా?" అన్నాడు మెకానిక్.

"వారం తిరిగేసరికి మూడు లక్షలు! కంప్యూటర్ ఎంత వేడెక్కిందంటే, రెండు నెలలు దానిమీదే అన్నం వండుకున్నాను, గ్యాస్ ముట్టుకుంటే ఒట్టు. ఎవడేమన్నా అననీ, తీసెయ్యడమనేది నా దగ్గర లేదు. నన్ను తిట్టినవాళ్లే లక్షమంది. హాయిగా తిట్టించుకున్నాను."

"తిట్టించుకుంటే హాయేమిటండీ?"

"ఎవరో ఒకరు పలుకుతున్నట్టే కదయ్యా," అన్నాడు చిన్నగా. వెంటనే గొంతు పెంచాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల సైన్యాలు తుపాకులు కిందపడేసి నా సర్వర్లోకొచ్చి వాదించుకున్నాయి. వాదించి వాదించి నీరసమొచ్చి ఇళ్లకు పోయాయి, యుద్ధం ఆగిపోయింది! చివరికి ఆ పెద్ద కంపెనీ ఓనరే, లిఫ్టు చెడిపోతే, మా నాలుగో అంతస్తుకి మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, 'అయ్యా, మా దగ్గర ఈగ కూడా లేదు, నాకూ ఓ మూల చోటివ్వండి' అన్నాడు. లోపలికి జరగండి, జరగండి అని అందర్నీ సర్ది, అతన్ని ఫుట్‌బోర్డుమీద నిలబెట్టాను!"

"మరి మీ తమ్ముడొచ్చాడా?" అన్నాడు మెకానిక్ నవ్వాపుకుంటూ.

కండక్టర్ గ్లాసులోకి చూశాడు.

"అడ్రసు పంపాను. మూడు లక్షలమందిలో వాడొక్కడే రాలేదు. పొగరు. రాకపోతే నాకేం?"

టీ కొట్టావిడ చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకొచ్చింది.

"అన్నయ్యగారూ, అడిగితే ఏమనుకోకండి. నేను మీ సర్వర్లో పేరిచ్చి ఎనిమిది నెలలైంది. ఇదిగో, ఇవాళ్టికీ 'యజమాని అనుమతి కోసం ఆగండి' అనే ఉంది. ఊరందర్నీ ఎక్కించినవారు, నన్నెందుకు స్టాపులో వదిలేశారు?"

"అనుమతా? ఎవరి అనుమతి?"

"మీదేనండీ."

మెకానిక్ ఆయన ఫోన్ అందుకుని అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు. సభ్యులు, ఒక్కరు. అనుమతి కోసం ఆగినవాళ్లు, ముగ్గురు.

"అందులో ఒకటి నాదేనండి," అన్నాడు టైలరు సిగ్గుపడుతూ. "అడిగితే బావుండదని ఊరుకున్నాను."

అన్నిటికన్నా ముందు వచ్చింది తమ్ముడిది. సర్వర్ పెట్టిన రెండోరోజే పేరిచ్చాడు. కింద ఒక ముక్క కూడా రాశాడు. మెకానిక్ ఇక నవ్వలేదు, నెమ్మదిగా చదివాడు.

"అన్నయ్యా, నేనే. రిపోర్ట్ కొట్టడం తప్పే. ఇక్కడ ఎంతైనా తిట్టు, పలుకుతాను."

కండక్టర్ గ్లాసు బల్లమీద పెట్టాడు.

"రోజూ పొద్దున్నే ఒకటి రాసేవాణ్ణి," అన్నాడు. "ఎవరైనా జవాబిస్తారేమోనని సాయంత్రందాకా చూసేవాణ్ణి. నేను రాసింది నేనే మళ్లీ చదువుకునేవాణ్ణి." ఫోన్ వెనక్కి తీసుకుని టీ కొట్టావిడ వైపు చాపాడు. "ఎక్కడ నొక్కాలో చూపించమ్మా."

ఆవిడ చూపించింది. ఆయన మూడుసార్లు నొక్కాడు. తమ్ముడి పేరు ఆఖరున నొక్కి, పాత అలవాటుకొద్దీ, గొంతులోనే "రైట్ రైట్" అన్నాడు.