బుట్ట చేతులు

నిలబడే ఉన్నానుగా పిన్నీ. స్టూలు ఊగుతుంటే నేనేం చెయ్యను? నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని నాకేసి అలా ఉరిమి చూడకు, మింగేస్తావు. చెబుతానుండు. నిన్నటి నుంచి ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలీడం లేదు.

అంతా మా మేనేజరు వల్ల వచ్చింది. అంటే, చెడ్డవాడేం కాదు. మోకాళ్ళ దాకా నిక్కరేసుకుని ఆఫీసుకొచ్చే మనిషి, చెడ్డతనం ఉన్నా దాచుకోవడానికి చోటేది?

పోయిన వారం నన్ను పక్కకి పిలిచాడు. టీముకి నన్నే పెద్దని చేస్తున్నారు కదా, ఆ సంగతేనేమో అనుకున్నా. "ఏమీ అనుకోకండి, కొత్తగా చేరినవాళ్ళు మీ దగ్గరికి రావడానికి జంకుతున్నారు. ఆ మెడ దాకా కాలరూ, ఆ బుట్ట చేతులూ, నేల దాకా గౌనూ... ఎవరో హెడ్మాస్టరు భార్య నిలబడ్డట్టుంటుంది. కొంచెం మామూలుగా రండి" అన్నాడు. మామూలుగా అంటే ఎలాగండీ అన్నాను. పాపం, తన టీషర్టు చూసుకున్నాడు, నిక్కరు చూసుకున్నాడు, "మాలాగా" అన్నాడు.

నవ్వకు. నాకు నవ్వు రాలేదు.

నీకు తెలుసుగా, ఇంట్లో అందరి పాత బట్టలూ నాకే వచ్చేవి. ఎవరి భుజాలో, ఎవరి నడుమో. నువ్వు పాత కర్టెను గుడ్డతో మొదటి గౌను కుట్టినప్పుడు కదా, ఇది నా ఒంటికి కుట్టింది అని తెలిసింది. ఆ కాలరుంటే తల వంచడానికి వీలుండదు. మనుషులు నాతో నెమ్మదిగా మాట్లాడతారు. ఆఫీసులో మహారాణీ అని పిలిచినా, ఏదో ఒకటి పిలుస్తున్నారు కదా అనుకునేదాన్ని.

అయినా పోనీ అనుకున్నా. నిన్న కొత్త పదవిలో మొదటి రోజు. నీ కూతురి జీన్సు ఎందుకు అడిగి తీసుకెళ్ళానో నువ్వడగలేదు, నేనూ చెప్పలేదు. ఇందుకే. పైన ఒక బూడిదరంగు టీషర్టు. బస్సులో ఒక్కళ్ళూ తిరిగి చూడలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, రోజూ లేచి నిలబడే మనిషి, నన్ను కార్డు అడిగాడు. లిఫ్టు అద్దంలో ఎవరో గూనిగా ఉన్నావిడ కనిపించింది. కొంచెం జరిగి దారిచ్చాను పిన్నీ. తర్వాత తెలిసింది అది నేనేనని.

ఇక విను. తలుపు తోసుకుని లోపలికెళ్ళానా, ఆఫీసంతా నిలబడి ఉంది. అందరూ నాలాగే.

నిజం. బుట్ట చేతులు, నేల దాకా గౌన్లు, గుడ్డ బొత్తాలు. అద్దె కొట్టునుంచి తెచ్చినట్టున్నారు, గదంతా కలరా ఉండల వాసన. మా కంప్యూటర్లు చూసే గడ్డపాయన అట్టముక్క కత్తిరించి కాలరు చేసుకున్నాడు. అది గడ్డానికి గుచ్చుకుని తల తిప్పలేక మనిషి మొత్తంగా తిరుగుతున్నాడు. నాకు పదవొచ్చిందని అందరూ కలిసి ఇలా రావాలనుకున్నారట. మేనేజరుకి కడుపులో మాట దాగదని ఆయనకి చెప్పలేదట.

చప్పట్లు కొట్టబోయి అందరి చేతులూ గాల్లో ఆగిపోయాయి. గడ్డపాయన, ఎవరో పోయిన ఇంటికొచ్చినట్టు, మెల్లిగా అడిగాడు. "మీరేంటండీ... ఇలా వచ్చారు?"

నా వెనకే మేనేజరు వచ్చాడు. వాళ్ళని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ లిఫ్టెక్కి కిందికెళ్ళిపోయాడు. కాసేపాగి వచ్చి, "నేనన్నది మర్చిపోండి" అన్నాడు.

వెక్కిరింతా అంటే, కాదు. వెక్కిరించేవాళ్ళు అంత కష్టపడరు. అట్టకి బట్ట అంటించి ఇస్త్రీ కూడా చేశాడాయన. నా మీద ఇష్టంతోనే చేశారు. అది తెలుస్తూనే ఉంది. అందుకే ఏడవడానికి కూడా కారణం దొరకలేదు. నవ్వాను, కేకు కోశాను, ఫొటోల్లో నిలబడ్డాను. ఆ ఫొటోల్లో మామూలు మనిషిని నేనొక్కదాన్నే.

ఆ భుజం దగ్గర కొంచెం వదులు చెయ్యి. ఊపిరాడటం లేదు.

ఇంతకీ నా బాధ అది కాదు. రిసెప్షన్‌లో ఒకమ్మాయి చేరింది, మాట పైకి రాదు. తను అద్దెకి తేలేదు. ఇంట్లో ఉన్న పాత గౌను దులిపి, చేతులు తనే కుట్టుకుంది. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి. కుట్లు చూస్తే నువ్వు కళ్ళు మూసుకుంటావు. ప్లేట్లు పట్టుకుని అలా నడిచొచ్చింది. అంతే, గదిలో అందరూ ఒకే మాట. "ఎంత బాగున్నావో."

బాగున్నావు అన్నారు పిన్నీ. నన్ను ఇన్నేళ్ళూ ఏమన్నారో తెలుసా? "వెరైటీగా ఉన్నారు." "ఇలాంటివి మీకే చెల్లాయి." "మీ ధైర్యం మెచ్చుకోవాలి." గౌనేసుకోవడానికి ధైర్యమెందుకో నాకు నిన్నే అర్థమైంది.

చేతులు కడుక్కుంటుంటే ఆ పిల్ల వెనకాలే వచ్చింది. "మేడమ్, మిమ్మల్ని చూసే నాకూ వేసుకోవాలనిపించింది. నాకు కుట్టడం రాదు. మీకు ఎవరు కుడతారు? ఒక్కటి కుట్టించుకుంటాను" అంది. కళ్ళలో ఎంత ఆశో.

నేనేం చెప్పానంటే... అలా చూడకు, చెబుతున్నానుగా. మా పిన్ని కుట్టేది, ఇప్పుడు మానేసింది, కళ్ళు కనిపించడం లేదు అన్నాను.

అవును, నీ కళ్ళే. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే నీ కళ్ళు.

"అయ్యో" అంది. అక్కడితో పోతుందనుకున్నా. వాళ్ళ మావయ్య కళ్ళ డాక్టరట. "మిమ్మల్ని ఇంత చక్కగా తయారుచేసిన మనిషికి అలా కావడమేంటి మేడమ్, నేను తీసుకెళ్ళి చూపిస్తాను" అని ఇంటి అడ్రసు అడిగింది. ఇవ్వక ఏం చెయ్యను? రేపు పొద్దున వస్తుంది.

ఏం చెబుతావో నీ ఇష్టం. అబద్ధమని చెప్పినా నేను కాదనను. లేదంటే తగ్గిపోయిందను, ఆ పిల్ల కొలతలు తీసుకో.

మంచి బట్టే తియ్యి. చేతులు సమంగా పెట్టు. నామీద జాలిపడి పాడుచెయ్యాలని మాత్రం చూడకు, దండగ. నువ్వు వంకరగా కుట్టినా ఆ పిల్లకి బాగానే ఉంటుంది.