ఊపిరితిత్తుల విభాగంలో ఒక ఖాళీ

యూనివర్సిటీ ఇంటర్వ్యూ గదిలో ముసలి ప్రొఫెసరమ్మ ఒక్కతే ఉంది. పరిశోధకురాలి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది.

"ఈ గొట్టంలోకి గట్టిగా ఊదమ్మా."

ఊదింది. "ఉద్యోగానికి సరిపడా ఊదానా మేడమ్?"

"చిన్నప్పుడు ఇంతకంటే బాగా ఊదేదానివి."

"చిన్నప్పుడా? నేను మీకు తెలుసా?"

"పసిగుడ్డుగా ఉన్నప్పుడే మీ అమ్మ నిన్ను మా పరిశోధనలో చేర్చింది. మీరప్పుడుండే ఫ్యాక్టరీ పక్క వీధిలో పుట్టిన పిల్లలందరి ఊపిరీ కొలిచేవాళ్లం. మీరు ఇల్లు మారాక మొన్నటిదాకా నీ జాడే తెలీలేదు."

"అమ్మ ఒక్క మాటైనా చెప్పలేదే! మరి మిగతా పిల్లలు?"

ప్రొఫెసరమ్మ లేచి కిటికీ మూసింది.

"పడుకునేటప్పుడు దగ్గు వస్తోందా తల్లీ?"

"ఈమధ్యే... కొంచెం. మిగతావాళ్లు ఏమయ్యారు మేడమ్?"

"వాళ్లకీ దగ్గుతోనే మొదలైంది."

అమ్మాయి తలుపు వైపు చూసింది. వస్తూ వస్తూ చూసిన వరండా గుర్తొచ్చింది. అక్కడ కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"ఈ ఉద్యోగానికి ఇంకెవరూ రాలేదా?"

"ఎలా వస్తారమ్మా? ప్రకటన నీ ఒక్కదానికే పంపాం. నీ చదువుకు తగ్గట్టు నేనే రాయించాను."

"అంటే, ఉద్యోగం ఉత్తుత్తిదేనా?"

"అయ్యో, ఎంతమాట! రేపే చేరు. జీతం, గది, అన్నీ నిజమే. రోజూ పొద్దున్నే వచ్చి ఇందులో ఊదితే చాలు."

"ఎన్నాళ్లుంటుంది మేడమ్, ఈ ఉద్యోగం?"

ప్రొఫెసరమ్మ గొట్టాన్ని దూదితో శుభ్రంగా తుడిచి, మళ్లీ అమ్మాయి ముందు పెట్టింది.

"అదే చూస్తున్నానమ్మా. ఏదీ, ఇంకొక్కసారి ఊదు."