పైడమ్మ ఎవుల మనిసి?

"తాతా, మీ కాలంలో యూనియన్ వాళ్ళు వర్గం, పెట్టుబడి అని క్లాసులు చెప్పేటోళ్ళట కదా. అవి ఇప్పటికి పనికొస్తయా?"

ఏటి తల్లీ, అంత పెద్ద మాట అంత సులువుగా అడిగేసినావు. కూకో. ఆ కుర్సీ ఇలాగ లాక్కో, అటేపు ఫ్యాను గాలి రాదు. మీ కాలేజీలో ఇయ్యన్నీ సెప్పరేటి? సెప్పర్లే. మేస్టర్లకీ నౌకరీయే కదా.

సెప్పీవోరమ్మా. మా రైల్వే ఫిట్టర్లలో ఒక బెంగాలీ ఉండీవోడు, అన్నా అన్నట్టు దాదా అనీవోల్లం, కల్లజోడు కాడకి దారం కట్టుకుని. డూటీ దిగినాక సుభాష్‌పల్లిలో టీ కొట్టు ఎనకాల మమ్మల్ని కూకోబెట్టీవోడు. పావలాకి టీ... కాదు, పావలా తరవాత, అప్పటికింకా తక్కువే. పోనీలే. సగం బెంగాలీ, సగం హిందీ, మాకోసం నాలుగు తెలుగు ముక్కలు. "మిషను ఉన్నోడొకడు, దాని కాడ నిలబడి పని సేసీవోడొకడు. నువ్వు సేసిన దాంట్లో కొంచెం నీకిచ్చి, మిగిల్నది ఆడు ఉంచుకుంటాడు. లోకంలో గొడవంతా దాంట్లోంచే పుట్టినాది" అనీవోడు. మా నాయిన సికాకోళం కాణ్ణించి ఈ బెంగాలు దేశం వొచ్చి రైల్వేలో బొగ్గు మోసినాడు. నేను ఫిట్టర్నయినాను. అందుకని ఆ మాట నాకు ఒంటికి పట్టీసినాది. పనోల్లందరూ ఒకటే, తెలుగోడైనా ఒరియావోడైనా. ఇప్పటికీ అది అబద్ధమని నేనన్ను.

కానీ మొన్నటేడు జరిగింది సెప్తాను, ఇను.

నాకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు కామెర్లొచ్చి పోనాడు... ఆడి సంగతి ఇప్పుడొద్దులే. సిన్నోడు రమేసు. రైల్వే పరీక్షలు రాసి రాసి వయసు దాటిపోనాది. ఆఖరికి అప్పు సేసి పెద్ద ఆటో ఒకటి కొన్నాడు. ఊరి బైట ఇనప సామాను సేసే ప్రైవేటు ఫేక్టరీ ఒకటున్నాది, దానికి మనుసుల్ని తోలుతాడు. పొద్దున్న మన సందు మొదట్లో, మలంచా రోడ్డు మీద ఎక్కించుకుంటాడు. సాయంత్రం దింపుతాడు. తలకింతని కాంట్రాక్టరు ఆడికిస్తాడు. తెలుగోల్లు, బెంగాలీ ఆడోల్లు, సంతాలోల్లని ఇక్కడి గిరిజనులు, అందరూ ఎల్తారు. ఇంటికొచ్చి ఆ కాంట్రాక్టరుతో ఫోన్లో అంటాడు, "రేపు లేబర్ తక్కువున్నాది దాదా" అని. లేబర్! బొగ్గు మోసినోడి మనవడు ఆ మాటంటుంటే నాకు అన్నం దిగీది కాదు.

ఆ ఆటోలోనే పైడమ్మ ఎల్లీది. నాతో పని సేసిన సింహాచలం కూతురు. సింహాచలం ఎప్పుడో పోనాడు. సిన్నప్పుడు ఊరేగింపుల్లో దాన్ని బుజాల మీద ఎక్కించుకుని తిప్పినాను. నేను కేకలేస్తుంటే నా జుట్టు పట్టుకుని నవ్వీది. ఇప్పుడు దానికి మొగుడు నేడు, ఒక్కతే కూతురు. ఆ పైడమ్మ కుడిసెయ్యి ఇనప రేకులు నొక్కే ప్రెస్సు మిషన్లో పడిపోనాది తల్లీ. బొటనేలు తప్ప ఏటీ మిగల్లేదు.

ఆస్పత్రి నుంచి రాగానే నా గుమ్మంలోకొచ్చినాది. రమేసుని అడగలేదు, నన్నే అడిగినాది. "మామా, నువ్వు యూనియన్ మనిసివి. నేనెవుల్ని అడగాల?"

ఉతికిన సొక్కా తొడుక్కున్నాను. దాన్ని ఎంటబెట్టుకుని ఎల్లినాను. ఫేక్టరీ గేటు కాడికి ఒక కుర్రోడొచ్చినాడు, మెల్లో కార్డు. మర్యాదస్తుడే, బాబాయిని పిలిసినట్టు కాకూ అనే పిలిసినాడు. "కాకూ, ఈమె మా స్టాఫ్ కాదు. కాంట్రాక్టరు మనిషి" అన్నాడు. సెయ్యి తినీసింది మీ మిషనే కదా నాయినా అన్నాను. "మిషను కూడా అద్దెదే కాకూ" అన్నాడు. మరి ఓనరెవులు? ఆడికీ తెల్దు! నిజంగా తెల్దమ్మా, అది అబద్దమాడే మొకం కాదు. ఆడిదీ కాంట్రాక్టు నౌకరీయేనట, ఏడాదికేడాదికీ.

కాంట్రాక్టరుకి ఫోన్ సేస్తే కలకత్తాలో ఉన్నానన్నాడు. "ఆమెని తెచ్చినోణ్ణి అడగండి" అని పెట్టీసినాడు. తెచ్చినోడెవులు? మా రమేసు! ఊరంతా తిరిగి నా ఇంటికే వొచ్చినాను, సూసినావా. మద్దెలో మా రైల్వే యూనియన్ ఆఫీసుకీ ఎల్లినాంలే. "రూలు ప్రకారం ఆమె మెంబరు కాదు కాకా" అన్నారు. టీ ఇచ్చినారు. తాగినాను, ఏటి సేస్తాను.

రమేసు అన్నం తింటుంటే ఎదురుగా కూకున్నాను. "పైడమ్మ ఎవుల మనిసిరా?" అన్నాను.

ఆడు తలెత్తలేదు. "నాయినా, నేను నోరెత్తితే రేపు ఇంకోడి ఆటో వొస్తాది. నా ఆటో బేంకోడు పట్టుకెల్తాడు. అప్పుడు నేనూ ఆ మిషను కాడే నిలబడాల. నన్నేటి సెయ్యమంటావు?"

తిడదామనే కూకున్నాను. ఆడి మెడ సూసినాను, ఎండకి కమిలిపోయి నల్లగా. ఈడు ఎటేపు తల్లీ? మిషను ఉన్నోడి ఏపా, మనేపా? మా కాలంలో ఆ రెండేపులకీ మద్దెన గీత ఊర్లో ఎక్కడుందో అందరికీ కనపడీది. ఇప్పుడు నా కొడుకు కంచం మద్దెలోంచి పోతన్నాది. ఆణ్ణేటి తిడతాను.

అయినా ఊరుకోలేదు. ఒక ఆదివారం ఆటోలో ఎల్లే అందర్నీ మా వాకిట్లోకి పిలిసినాను. "రేపు ఎవులూ ఎక్కొద్దు. మిషన్లు ఒక్క రోజు ఆగితే, ఆ పైనున్నోడెవుడో ఆడే దిగొస్తాడు" అన్నాను. అందరూ తలూపినారు. ఒక సంతాలీ ముసల్ది నా సెయ్యి పట్టుకున్నాది. పైడమ్మ కట్టు ఒల్లో పెట్టుకుని ఓ మూల కూకున్నాది.

"మరి ఎక్కలేదా తాతా?"

తెల్లారి నేను సందు మొదటికి ఎల్లీసరికే ఆటో నిండిపోనాది. అందరూ ఉన్నారు, మొకాలకి కొంగులు అడ్డం పెట్టుకుని. పైడమ్మ కూకునే కాడ దాని కూతురు. అప్పుడే పన్నెండో క్లాసు అయిన గుంట, రెండు జడలేసుకుని. రమేసు నాకేసి సూళ్ళేదు. "ఇంటికెల్లు నాయినా, ఎండెక్కుతాది" అన్నాడు. తోలీసినాడు.

అక్కణ్ణించి సరాసరి పైడమ్మ కాడికే ఎల్లినాను. ఎడం సేత్తో బియ్యంలో రాల్లు ఏరుతన్నాది. నువ్వే పంపినావా అన్నాను. "ఆ సోటు ఒక్క రోజు కాళీగా ఉంటే ఇంకోల్లు కూకుంటారు మామా" అన్నాది. కోపం నేదు, ఏడుపూ నేదు. ఆ దాదా క్లాసుల్లో ఈ సోటు సంగతి రాలేదు.

పైనుంచి ఎవులూ దిగి రాలేదు. ఆస్పత్రి ఖర్చు రమేసే కట్టినాడట, నాకు సెప్పకుండా. ఆడి మీద కోపం కూడా నాకు మిగల్నీలేదు.

పనికొస్తాయా అంటావా... దాదా సెప్పిన రోగం ఇప్పటికీ అదే తల్లీ. పేరూ అదే. అది తెలిసినోల్లం మేవు ముసిలోల్లమైపోనాం. పడుతున్నోల్లకి కూకుని ఇనడానికి తీరిక నేదు. నాకైతే ఆశ నేదు. నీకు అబద్దం సెప్పను.

ఆ గుంట ఇప్పటికీ ఎల్తాది. అదే మిషను. సాయంత్రం ఆటో సప్పుడు ఇనపడితే నేను గుమ్మంలోకొచ్చి దాని సేతులు సూస్తాను. దానికీ తెల్సు. దిగుతూనే రెండు సేతులూ పైకెత్తి ఊపుతాది, నవ్వుతూ.

నువ్వెల్లమ్మా, మీ హాస్టలు దూరం. మంచి ఉద్యోగమొస్తాది నీకు, రావాల. సల్లగుండు. నేనిక్కడే కూకుంటాను... ఆటో వొచ్చే యేలయినాది.