ఆకు పనిలబడి ఇడిసిన చెయ్యి

"తాతా, డాక్టర్ నన్ను దినాం అరగంట నడవమన్నడు. షుగర్ వచ్చేటట్టుందంట. టైం ఏడుంది? బళ్లె పిల్లల పరీక్షలైనంక మొదలువెడత."

ఏందీ? పరీక్షలైనంకనా? మళ్లొకపారి అను. వద్దులే, అనకు. నేను గూడ గట్లనే అన్న. తునికాకు పనైనంక అన్న, వానలు పడ్డంక అన్న. జర కూసో బిడ్డా. మీ నాయినమ్మ లోపట కునుకు తీస్తంది. ఆమె ఇంటుంటె ఈ ముచ్చట చెప్పనీకి నాకు నోరు రాదు.

నువ్వప్పుడు జగ్దల్‌పూర్ల హాస్టల్ల ఉంటివి. ఫోన్ల నీకేం చెప్పినం? నాయినమ్మకు లక్వా కొట్టింది, కాలు చెయ్యి పడిపోయినయి, బాగయితది, నువ్వు సదువుకో. అంతే గదా. అసలు ముచ్చట ఎవ్వరికి చెప్పలే.

ఇప్పపూలు ఇంకా రాలలే అప్పుడు... కాదు కాదు, అప్పుడప్పుడే పడుతున్నయి, గంపలు కడిగి ఎండేసినం, నాకు యాదుంది. పొద్దుగాల పొయ్యి కాడ కూసున్నది కూసున్నట్టే పక్కకు ఒరిగింది. మూతి వంకర పోయె. మీ నాయిన జీపు మాట్లాడి, వారధి దాటిచ్చి, గోదారవతలి పెద్ద దవాఖానకు తీస్కపాయె. బతికింది. కాలు కొంచెం వచ్చింది, కర్ర పట్టుకోని నడుస్తది. కుడి చెయ్యే రాలే.

ఆడ కసరత్తు నేర్పిచ్చే పిల్ల ఒకామె, నీ ఈడుదే ఉంటది. మీ నాయినమ్మ చెయ్యి పట్టి చూపిచ్చింది. ఒక్కో ఏలు తెరవాలె, మణికట్టు ఎనక్కి వంచాలె, మోచెయ్యి చాపాలె. ఇరవై సార్లు, దినాం మూడు పూటలు. "తాతా, మొదటి ఆర్నెల్లే ముఖ్యం. ఎంత పనున్నా ఇడవద్దు" అన్నది. బతిమాలినట్టే చెప్పింది పాపం. నేను తలకాయ ఊపిన.

చేసిన బిడ్డా, అబద్ధమెందుకు, నెల దినాలు మంచిగనే చేసిన. పొద్దుగాల చాయ్ తాగంగనే ఒకపారి, మధ్యాన్నం తిన్నంక ఒకపారి, దీపాలు పెట్టే యాళ్లకు ఒకపారి. ఇప్పగింజల నూనె రాసేది. మా అయ్య ఉన్నప్పుడు గా గింజలు గంపెడు పోస్తె సాహుకారి ఉప్పు పోస్తుండె, ఇప్పుడు సీసా నూనె ధర ఇంటె కండ్లు తిరుగుతయి... ఏడికో పోతున్న చూడు. ఆ, నూనె. నూనె రాసి ఏళ్లు తెరిచేది. ఒకనాడు బొటనేలు కదిలిచ్చింది! నా ఏలు పట్టుకున్నది. పసిపిల్లలు పట్టుకుంటరు సూడు, గట్ల. నేను ఏడ్సిన. ఆమె నవ్వింది, వంకర మూతితోనే.

అంతల తునికాకు వచ్చె. నీకు తెల్వందేముంది, పది పదిహేను దినాల పని, ఆ దినాలల్ల మన ఊళ్లె సచ్చినోళ్లను గూడ బిరాన సాగనంపుతరు. తెల్లారకముందే అడివికి. ఎండ నెత్తికెక్కినంక మోపు మోసుకోని ఇంటికి. తిన్నమా లేదా, మల్ల యాభై ఆకులకు ఒక కట్ట, నారతోని కట్టుడు. పొద్దుగూకక ముందే ఆకు కొనే ఫడ్ కాడ వరుస పేర్చాలె, లేకపోతె కట్టల లెక్క రాసే మున్షీ మొఖం మాడ్చుకుంటడు. ఇంక మూడు పూటలు ఏడ దొరుకుతయి చెప్పు?

మీ నాయినమ్మ ఊకుంటదా? నేను గూడ చేస్త అన్నది. ఎడమ చేత్తోని ఆకులు సదిరి, యాభై కాంగనే నా దిక్కు జరిపేది. కుడి చెయ్యి ఒళ్లె పడి ఉండేది. ఊళ్లె మందులిచ్చే మితానిన్ వచ్చి, "మామా, కసరత్తు చేపిస్తున్నవా?" అన్నది. "కండ్లు కనవడతలేవా, పొద్దంత కట్టల పనే, ఇంకేం కసరత్తు కావాలె?" అన్న. "అది మంచి చెయ్యి మామా, పడిపోయిన చెయ్యి కాదు" అన్నది. కసురుకున్న ఆమెను. రెక్కలాడిస్తెనే బతికేటోళ్లం, మనకు మళ్లా కసరత్తేంది? అదంత కిరండూల్ గనుల క్వార్టర్లల్ల బూట్లేసుకోని ఉరికేటోళ్ల పని అనుకున్న. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆకు అయిపోయింది. ఇగ మొదలువెడదామంటె దుక్కులు. దుక్కులైనంక నార్లు, నాట్లు. నడుమ నడుమ చేసిన, ఒక దినం చేస్తె ఆరు దినాలు లేదు. నాట్లైనంక తీరిగ్గ కూసోని చెయ్యి పట్టుకుంటె ఏళ్లు రాలే బిడ్డా. పిడికిలి బిగుసుకపోయింది. జోరుగ తెరవబోతె కెవ్వుమన్నది. మళ్ల దవాఖానకు పోతె ఆ పిల్లనే చూసింది. నన్ను తిట్టలే. తిట్టినా బాగుండు. "ఇంక తెరుసుకునుడు కష్టం తాతా, గోర్లు అరచేతిల గుచ్చుకోకుంట చూసుకో" అన్నది.

ఇప్పుడు నాకేం పని? మీ నాయిన ట్రాక్టర్ పెట్టి దున్నిపిస్తడు. పొద్దంత ఖాళీనే. దినాం ఆ పిడికిట్లకు తడిగుడ్డ దూర్చి తుడుస్త, లేకపోతె పుండైతది. నొప్పికి ఆమె పండ్లు కొరుకుతది. ఇప్పుడు మూడు పూటలు గాదు, ముప్పై పూటలు చేసినా ఏం లాభం? నేనే పాడు చేసిన. ఇంకెవ్వరు గాదు, నేనే.

పో బిడ్డా, నీకు పొద్దువోతంది. కాళ్లు చేతులు మంచిగుండి నూరేండ్లు బతుకు.

ఆగు, ఇంకోటుంది. ఇది మీ నాయినకు గూడ తెల్వదు. ఆకు దినాలల్ల నేను ఫడ్ కాడికెళ్లి వచ్చేటప్పటికి మీ నాయినమ్మ గడప కాడ కూసోని ఉండేది. నన్ను సూడంగనే ఎడమ చేత్తోని కుడి చెయ్యి లేపి నా ముంగట పెట్టేది. అడిగేది గాదు, ఊకె పెట్టేది. "రేపు చేద్దాం తియ్యే" అని నేను పోయి మంచంల పడేటోన్ని. తెల్లారి మళ్ల గట్లనే పెట్టేది. కొన్ని దినాలకు పెట్టుడు మానేసింది. ఏ దినం మానేసిందో నాకు తెల్వదు బిడ్డా. ఎంత సోచాయించినా యాదికొస్తలేదు. ఆమె పక్క నుంచే ఇంట్లకు పోయిన గదా నేను, సూడనే లేదు...