జేబు కుట్టిన ఫొటో

ఫొటో స్టూడియో బావ టీ కొట్టు దగ్గర నోరు విప్పాడంటే గ్లాసు చల్లారాల్సిందే గానీ నోరు చల్లారదు. ఆ రోజు మరీ మండిపోతున్నాడు. ఫొటోల ప్రదర్శన వాళ్ళు అతని బొమ్మను వెనక్కి పంపేశారు. బొమ్మలో ఉన్నది ఎదురు కొట్టు దర్జీ, అతని బావమరిది. సాయంత్రం అందరూ కలిసి వెళ్ళి నిలదీయాలని, దర్జీ కొట్టు మూసి ఫొటో పక్కన సాక్ష్యంగా నిలబడాలని బావ పట్టుదల. దర్జీ ఆ ఫొటో ఇంకా చూడనేలేదు. బావ మాట తీసెయ్యలేక బెంచీ చివర కూర్చున్నాడు.

"కంప్యూటర్ బొమ్మంట," అన్నాడు బావ. "ఇంట్లో ప్రింటర్ మీద గాజులాంటి షీటు పెట్టి పెద్ద నెగటివ్ తీశాను, నిజమే, కానీ దాన్ని చీకటి గదిలో ఫొటో కాగితం మీద బోర్లించి, వెలుగు చూపించి, మందునీళ్ళలో కడిగింది ఈ చేతులు కాదూ? ప్రింటర్ వచ్చి కడిగిందా?"

"అదీ న్యాయమే," అంది టీ కొట్టు పిన్ని.

"న్యాయం వాళ్ళకేం తెలుసు పిన్నీ. ఆ నెగటివ్‌లో నలుపు ఎలాంటిదనుకున్నావు? ట్యూబులైటుకు ఎదురు పెడితే లైటే ఆరిపోయింది. వీధి వీధంతా ఆరిపోయింది. కరెంటాఫీసు వాళ్ళు నిచ్చెనలతో వచ్చి, బాబ్బాబు, ఆ షీటు దించండి అని కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్పకుండా ఎలా తెలుస్తుందిలే," అన్నాడు సైకిళ్ళ తాత.

"కాగితాన్ని ట్రేలో వేశానా, మావాడి మీసం వెంట్రుక వెంట్రుకగా మొలుచుకొచ్చింది. తర్వాత చేతిలో కత్తెర. అది ఆడుతుంటే ట్రేలో నీళ్ళు తెగి అటో పాయ, ఇటో పాయ. నా ఆప్రాన్ జేబు చిరిగుందా, ఫొటోలోంచి చెయ్యి చాచి జేబు కుట్టి, దారం కొరికి, మళ్ళీ లోపలికెళ్ళి నిలబడ్డాడు. ఇదిగో జేబు, చూసుకోండి. అలాంటి ఫొటోను పనికిరాదంటారా? వాళ్ళ ఫొటోలు ఏనాడైనా ఒక్క గుండీ కుట్టాయా?"

చివరి మాట అంటూ బావ ఫొటో కవరును గుండెలకు హత్తుకున్నాడు. కోతలు కోతలే గానీ అవమానం నిజమేననిపించింది దర్జీకి. తన మొహాన్నే పనికిరాదన్నట్టుంది. అతనికీ కోపం వచ్చింది.

"పద బావా, కొట్టు మూసేస్తాను. ఏదీ, ఫొటో చూపించు."

బావ కవరులోంచి తీసి ఇచ్చాడు. మీసం అద్భుతంగా ఉంది. నలుపు నిజంగానే నలుపు. దర్జీ చూపు మాత్రం మీసం దాటి చొక్కా మీదికి దిగింది.

"బావా, సిరా వైపు కాగితం మీద బోర్లా పడుతుంది కాబట్టి, షీటు తీసే ముందే బొమ్మను అద్దంలోలా తిప్పాలని నువ్వే కదా చెప్పావు?"

"చెప్పాను."

"తిప్పావా?"

బావ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఇంతకీ వాళ్ళు నిజంగా ఏమన్నారు?"

"కత్తెర ఎడమచేతిలో ఉందేం, మీ దర్జీది ఎడమచేతి వాటమా అని అడిగారు," అన్నాడు బావ, నేల చూస్తూ.

దర్జీ లేచాడు. "సాయంత్రానికింకా టైముంది. బొమ్మ తిప్పి మళ్ళీ కడిగి తీసుకురా, పక్కన నిలబడతాను. ఇలాగే పెడితే నాకు ఒక్క మగాడూ చొక్కా గుడ్డ ఇవ్వడు." ఫొటో బావ చేతిలో పెడుతూ అన్నాడు. "అయినా నీ జేబు కుట్టినవాడు, తన చొక్కా గుండీలు ఆడవాళ్ళ చొక్కాల్లా ఎడమ వైపుకు పోయాయని చూసుకోవద్దూ?"